చెవి మీద చెయ్యి

…ఈ ఏసీ గాలికి మనిషి ఒంట్ల ఇంకెక్కడా జాగ దొరకదా ఏంది, సీదా వచ్చి చెవులల్లనే దూరుతది, అనుకుంట అమృతమ్మ ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టుకుంది, చీర కట్టుకున్న దినమైతే కొంగన్న కప్పుకునేది, ఈ యూనిఫాం కోటుకు కొంగు ఎక్కడిది, మేనేజర్ గోవర్ధన్ సార్ క్యాబిన్ బయట ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టి పోయింది సూపర్‌వైజర్ ప్రేమలత మేడం, ఈడనే ఉండు కదలకు అని, కదిలి ఎక్కడికి పోతది, దొంగతనం చేసిందా దోపిడి చేసిందా, బొమ్మకు బొట్టు పెట్టింది, అంతే, పెట్టింది పెట్టినట్టే కెమెరాల పడ్డది, ఇగ లోపటికి పిలుస్తరు, ఎందుకు పెట్టినవంటరు, నౌకరీ నుంచి తీసేస్తమంటరు, తీసేస్తే తీసేయనీ, అయ్యో గట్లెట్ల, తీసేస్తే ఇల్లెట్ల గడుస్తది, ఏమో, ఏర్‌పోర్ట్ చుట్టూత హోటళ్ళకేం తక్కువ, ఈడ కాకుంటే ఇంకో తాన తుడుస్తది, అది కాదు పరేషాన్, ఆ బొమ్మను తీసి ఏ చీకటి కొట్టంల పడేస్తరో అన్నదే పరేషాన్, నౌకరీ ఇంకోటి దొరుకుతది, అమ్మ ఎక్కడ దొరుకుతది.

అది చిన్న బొమ్మేం కాదు, మూడో అంతస్తుల లిఫ్ట్ దిగంగనే ఎదురుగ గోడంత బొమ్మ, ఏదో దూరదేశం పట్నమట, నూటయాభై ఏండ్ల కిందటి సంగతట, తెల్లారీ తెల్లారని పొద్దు, నేల మీదంత మంచు, పెద్ద బంగ్లా గోడ పొంటి గరీబోళ్ళు లైన్ల నిలబడ్డరు, రాత్రంత బయటనే ఉన్నరు కావచ్చు, లోపటికి రానిస్తరో రానియ్యరో తెల్వదు, ఒక ముసలాయన కోటుకు గుండీలు లేవు, ఒకాయన గోడకు ఒరిగి నిలబడే నిద్రపోతున్నడు, పక్కన లాఠీ పట్టుకొని పోలీసు, వీళ్ళందరి నడిమిట్ల ఒక ఆడమనిషి, బరువంత ఒక్క కాలు మీద ఏసింది, మొకం జర పక్కకు తిప్పుకుంది, సంకల పిల్ల, ఒక చెయ్యి పిల్ల కింద, ఇంకో చెయ్యి పిల్ల చెవి మీద, ఆ చెయ్యి, అదే చెయ్యి, ఈ హోటల్ల పనికి చేరిన మొదటి దినం ఆ చెయ్యి చూసి అమృతమ్మ ఈకల కట్ట పట్టుకొని అట్లనే నిలబడిపోయింది, ప్రేమలత మేడం ఎనకనుంచి వచ్చి, ఏందమ్మా, దుమ్ము దులపమంటే దర్శనం చేస్తున్నవు, ఇది మస్తు పిరం బొమ్మ, ఈకలతోనే దులపాలె, చెయ్యి తాకిచ్చినవో చూడు అని కసిరింది, తాకలే, నిన్నటి దాంక ఎన్నడూ తాకలే, చూసుకుంటనే దులిపింది, దులుపుకుంట చూసింది.

చెవి కప్పేది అమ్మ, తల కాదు, మెడ కాదు, చెవి, సలి అంత చెవులకెల్లి లోపటికి పోతదని ఎవ్వరు చెప్పిన్రో ఏమో ఆమెకు, ఆమె చెయ్యి మొద్దుగ ఉండేది, సున్నం తిని పగుళ్ళు తేలిన చెయ్యి, చెవికి గరగర తాకేది, ఆ గరుకు మాత్రం అమృతమ్మకు నిన్న మొన్నటి లెక్క యాదికున్నది, కానీ మొకం యాదికి లేదు, ఎంత తలుచుకున్నా రాదు, ముక్కు ఎట్లుండె, కండ్లు ఎట్లుండె, ఊహూ, ఒక బిడ్డ కన్నతల్లి మొకం మర్శిపోతదా, మరిశింది, ఇదీ ఆమెను లోపటి నుంచి తినే బాధ, పెండ్లిళ్ళల్ల అప్పగింతలప్పుడు ఆడోళ్ళంత తల్లులను పట్టుకొని ఏడుస్తుంటే తనకు ఏడుపు ఎవరి కోసం రావాల్నో తెల్వకుంట గోడకు ఒరిగి నిలబడేది, అమ్మ పేరు జంగమ్మ, నాయిన పోయినంక కరువొచ్చిన ఏడాది బిడ్డను సంకనేసుకొని పట్నం పోయింది, అఫ్జల్‌గంజ్ దిక్కు మూసిన దుకాణాల మెట్ల మీద పండేది, పొద్దుగాల లేసి కూలి అడ్డా మీద నిలబడేది, మేస్త్రీలు వచ్చి రెక్కలు చూసేది, నడుము చూసేది, సంకల పిల్లను చూసి, దీన్ని పెట్టుకొని ఏం తట్ట మోస్తవే అని పక్కామెను పిలుచుకొని పోయేది, మొకం చూసెటోడు ఒక్కడు లేడు, అమృతమ్మకు నాలుగో ఐదో ఏండ్లప్పుడు జంగమ్మకు జ్వరమొచ్చింది, దవాఖానకు తీస్కపోయిన్రు, ఇగ రాలే, గంతే కథ.

తొండుపల్లి నుంచి పెద్దమ్మ కొండమ్మ పోయి ఈ పిల్లను తెచ్చుకోకపోతే ఆ మెట్ల మీదనే ఏమైపోయేదో, పెద్దమ్మ కాళ్ళు కడిగి నెత్తిన సల్లుకున్నా తక్కువనే, తన పిల్లలతోని సమానంగ సాకింది, తిట్టుడు కూడ సమానంగనే తిట్టింది, పెద్దమ్మా, మా అమ్మ ఎట్లుండె అంటే, ఎట్లుంటదే, మనిషి లెక్కనే ఉండె, నీ నోరు మూసి తిను అనేది, మళ్ళ ఆమెనే మనసు ఊకోక, నిన్ను దించకపోయేదే అది, నేను పట్నం పోయినప్పుడల్ల చూసిన గద, నడిచే పిల్లవు, ఉరికే పిల్లవు, అయినా సంకనే ఉంటివి, దించవే జంగీ నడుము ఇరుగుతది అంటే, అక్కా, మోటర్లున్నయి, పోలీసోళ్ళు ఉరికిస్తరు, దించితే ఏ కాళ్ళ సందుల పోతదో అనేది, పని మీదున్నప్పుడు ఇసుక కుప్ప మీద కూసోబెడ్తే తప్ప నీ కాళ్ళు నేల తాకలే, ఈడికి తెస్తే నీకు సక్కగ నడక రాకపాయె, పిల్లలంత నిన్ను కాళ్ళులేని పిల్ల అని నవ్విన్రు, అని చెప్పి తనే ఫకాలున నవ్వేది పెద్దమ్మ, అమృతమ్మకు మాత్రం సిగ్గయ్యేది, ఇసుక కుప్ప మీదికెల్లి అమ్మ యాదికొస్తది గని, నెత్తి మీద ఇటుకల తట్ట, తట్ట కింద నీడ, నీడల మొకం కనపడదు.

ఫోటోనా, ఫోటో దిగెటోళ్ళా వాళ్ళు, తిండికే దిక్కు లేదు, అందుకే అత్తగారింట్ల పెత్రామాస వస్తె సాలు అమృతమ్మ ప్రాణం ఉసూరుమనేది, ఆ దినం సచ్చిపోయిన పెద్దలకు బియ్యం ఇయ్యాలె, మొగడు మల్లేశ్వర్ వాళ్ళమ్మ ఫోటో, నాయిన ఫోటో, తాత ఫోటో, అద్దాలు తుడిచి బొట్లు పెట్టి బంతిపూల దండలేస్తడు, అందరూ గోడ మీద సక్కగ కూసొని చూస్తుంటరు, జంగమ్మకు గోడ మీద జాగ లేదు, పెండ్లైన మొదటి ఏడు అమృతమ్మ వంటింట్ల కూసొని ఏడుస్తుంటే మల్లేశ్వర్ చూసి, ఇత్తడి చెంబు తోమి, నీళ్ళు పోసి, తన తల్లి ఫోటో పక్కన పెట్టి, ఇది మీ అమ్మ, రా, బొట్టు పెట్టు అన్నడు, ఎంత మంచోడు, తాగి తిరిగెటోళ్ళున్న బస్తీల దేవుడు తనకు ఇసొంటి మనిషిని ఎట్ల ఇచ్చిండో, గప్పటికెల్లి ఏటేటా చెంబే అమ్మ, చెంబుకే బొట్టు, చెంబుకే దండ, పెద్దమ్మ ఒకసారి వచ్చి చూసి, బతికినన్నాళ్ళు దాని మొగడు పోయిండని బొట్టు తీసేయిస్తిరి, సచ్చినంక అందరూ పెడ్తరు, మంచిగనే ఉన్నది మీ సోకు అన్నది, నోరు గట్లాంటిది, కండ్లల్ల మాత్రం నీళ్ళు తిరిగినయి.

ఈ బొమ్మ ఎవరిదని అడిగింది కూడ యాదికున్నది, హోటల్ గోడలకు బొమ్మలు ఎంచి పెట్టించిన సుమలత మేడం అప్పుడప్పుడు వచ్చి చూసి పోతది, రాజేంద్రనగర్‌ల ఉంటది, కాలేజీల బొమ్మలేసుడు నేర్పుతది, గుంటూరు దిక్కు మనిషి, మాట మెత్తగ ఉంటది, అందరినీ మీరు అంటది, తుడిచే ఆమెను కూడ మీరే, మేడం, ఈమె ఎవ్వరు అంటే, ఎవరో తెలియదమ్మా, పేరు ఎవరూ రాసి పెట్టలేదు, ఆ రోజుల్లో రాజుల్నీ దేవతల్నీ గీస్తేనే బొమ్మ అనేవారు, కొందరు మాత్రం కాదు, వీధిలో ఎవరున్నారో వాళ్ళని ఉన్నట్టే గీస్తాం అన్నారు, గీస్తే డబ్బున్నవాళ్ళకి కోపం వచ్చిందట, ఈ బిచ్చగాళ్ళనా మేము డబ్బిచ్చి చూడటం అన్నారట, అయినా గీశారు, అని చెప్పి, ఈవిడని పిలిపించి, రోజుల తరబడి నిలబెట్టి గీసి ఉంటారు, నిలబడినందుకు కూలి కూడా ఇచ్చే ఉంటారు అన్నది, నిలబడ్డందుకు కూలా, అమృతమ్మకు నవ్వొచ్చింది, అమ్మ రోజూ నిలబడ్డది గద, ఎంత పొద్దు నిలబడ్డది, నిలబడ్డందుకు కూలిచ్చిన మారాజు ఒక్కడు లేకపాయె, ఈ తల్లికన్న దొరికిండు, మొకం దిక్కు చూసిండు, మెల్లగ చూసిండు, చెయ్యి చెవి మీద ఉన్నదని కూడ చూసిండు, ఆ గీసినాయన ఏ తల్లి కన్న కొడుకో, సల్లగుండాలె, సచ్చి వందేండ్లైనా సల్లగనే ఉండాలె, గప్పటి నుంచి లిఫ్ట్ దిగంగనే ముందు ఆయనకు మనసుల ఒక దండం, తర్వాత ఆమెకు ఒక దండం, ఆ తర్వాతనే పని.

ఇంతల ఏమైందంటే ఈ హోటల్‌కు కొత్త ఓనర్లు వచ్చిన్రు, బొమ్మ తీసేయమన్నరు, దిగిన గిరాకీలు రాస్తున్నరట, పొద్దున రూంల నుంచి బయటకొస్తే ముంగట గరీబోళ్ళు, మనసు పాడైతుందని, ఆ జాగల పూలబొమ్మ పెడ్తరట, ఈ మాట ప్రేమలత మేడం ఎవరికో ఫోన్ల చెప్తుంటే అమృతమ్మ విన్నది, విన్న కాన్నుంచి అన్నం సహించలే, అయ్యా, నూటయాభై ఏండ్లాయె, దేశాలు దాటి వచ్చె, ఈ తల్లిని ఇంకా ఏ గోడ పొంటి నిలబడనియ్యరా, ఈడ కూడ వచ్చి నడువు నడువు అంటున్నరా, నిన్ననే పెత్రామాస, సెలవు అడిగితే రూములన్ని నిండినయి ఇయ్యనన్నరు, తెల్లారకముందే స్టాఫ్ బస్సు వచ్చి తొండుపల్లి కమాన్ కాడ హారన్ కొడ్తుంటే చెంబు తోముడు కాలే, మల్లేశ్వర్, నేను పెడ్త తియ్ మీ అమ్మకు, నువ్వు పో అన్నడు, అయినా మనసొప్పక జర కుంకుమ కాగితంల మడిచి కోటు జేబుల ఏసుకొని ఉరికింది, ఎందుకు ఏసుకుందో తనకే తెల్వదు, లిఫ్ట్ దిగింది, ఎవ్వరు లేరు, ఇంట్ల ఫోటోలకు తడిపి పెట్టినట్టే ఏలు తడి చేసి కుంకుమ అద్ది ఆమె నొసలు మీద పెట్టింది, ఫోటో అంటే అద్దం ఉంటది, పొద్దూకి తుడిస్తే పోతది అనుకుంది, ఎన్నడన్న తాకి ఉంటే గద తెల్వనీకి, అద్దం లేదు, గుడ్డ, తుడువబోతే ఇంకింత పరుచుకుంది, లిఫ్ట్ గంట కొట్టింది, ఎవరో సూట్‌కేసు గుంజుకుంట వచ్చిన్రు, అమృతమ్మ బకెట్ పట్టుకొని పక్కకు జరిగింది, ఇంటికాడ పొద్దుగూకినంక ఆడోళ్ళంత ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే తను చప్పట్లు తప్పు కొట్టింది.

అమృతమ్మా, రా, అని ప్రేమలత మేడం తలుపు తెరిచింది, చెయ్యి చెవి మీదికెల్లి తీసి లోపటికి పోతే గోవర్ధన్ సార్ కుర్చీల, పక్కన సుమలత మేడం, బొమ్మ గోడకు ఆనిచ్చి నేల మీద ఉన్నది, అయ్యో దించనే దించిన్రు, నేల మీద నిలబెడ్తే ఆ తల్లి సరీగ అమృతమ్మంత ఎత్తే ఉన్నది, నొసలు మీద ఎర్రగ కుంకుమ, సార్ ఫోన్ల కెమెరా బొమ్మ చూపిచ్చి, ఏందమ్మా ఇది, ఎందుకు చేసినవు, ఎవరన్న చెయ్యమన్నరా, పూజలా గిట్ల ఏమన్ననా అంటే, మా అమ్మ సార్, అన్నది, మీ అమ్మనా, ఫారిన్ బొమ్మల మీ అమ్మెట్లుంటదమ్మా అని సార్ నవ్వబోయి ఆమె మొకం చూసి ఆగిపోయిండు, అప్పుడు చెప్పింది, మొత్తం చెప్పింది, అడ్డా, మెట్లు, చెంబు, చెవి, మా అమ్మకు ఫోటో లేదు సార్, ఈమె గట్లనే నిలబడ్డది, పెత్రామాస ఒక్కదినం బొట్టు పెట్టుకుందామనుకున్న, తప్పైంది సార్, నౌకరీ తీసేస్తే తీసేయుండ్రి, ఆమెను మాత్రం చీకట్ల పెట్టకుండ్రి, అన్నది.

పైన విమానం దిగుతున్న సప్పుడు, కిటికీ అద్దం జర జర వణికింది, సుమలత మేడం కండ్లద్దాలు తీసి తుడుచుకొని, బొమ్మకేమీ కాలేదు సార్, ఇది గుడ్డ మీద అచ్చు వేసిన నకలే, అసలుది ఏదో దేశంలో పెద్ద మ్యూజియంలో ఉంది, పొడి దూదితో నెమ్మదిగా తీస్తే పోతుంది అన్నది, సార్ గడ్డం గీకుకొని, అది సరే మేడం, పూలబొమ్మ అయితే రేపు వస్తున్నది, ఓనర్ల మాట నేను కాదనలేను, దీన్ని స్టోర్‌ల ఏసుడే అంటున్నడు, గప్పుడు మాట్లాడింది ప్రేమలత మేడం, దినాం కసిరే ప్రేమలత మేడం, దుమ్ము మీద ఏలు పెట్టి గీసి చూపెట్టే ప్రేమలత మేడం, సార్, కింద స్టాఫ్ క్యాంటీన్ల గోడ ఖాళీగనే ఉన్నది, పొద్దుగాల బస్సు దిగి అందరం ఆడనే చాయ్ కోసం లైన్ల నిలబడ్తం గద, మా స్టాఫ్‌ల ఎవ్వరి మనసు పాడు కాదు తియ్యుండ్రి అన్నది, సార్ ఆమె దిక్కు చూసిండు, అమృతమ్మ దిక్కు చూసిండు, సరే, కిందికి దించుండ్రి, క్యాంటీన్ గోడకు ఎవరి పర్మిషన్ అక్కర లేదు, ఇగో అమృతమ్మా, బొట్టు పెట్టింది నువ్వే, తుడిచేది నువ్వే, ఇగమీదికెల్లి గిట్ల చెయ్యకు, నౌకరీ ఎక్కడికి పోదు, పో, పని చేసుకో అన్నడు, అమృతమ్మ దండం పెడ్తే, నాకెందుకమ్మా దండం అని కంప్యూటర్ దిక్కు తిరిగిండు, పెద్దమ్మ, మల్లేశ్వర్, ఆ గీసినాయన, ఇప్పుడు ఈ క్యాబిన్ల ముగ్గురు, ఇంతమంది ఇంత మంచిగ ఉంటే తను దిక్కులేనిదాన్నని ఎన్ని దినాలు ఏడ్సింది, పిచ్చిది.

క్యాంటీన్ల సాంబారు వాసన, ప్లేట్ల సప్పుడు, కిటికీకెల్లి ఏర్‌పోర్ట్ రోడ్డు, బొమ్మను గోడ పొంటి నిలబెట్టి సుమలత మేడం దూది చేతికిచ్చింది, నెమ్మదిగా అమ్మా, రుద్దకండి, అద్దినట్టు, అమృతమ్మ ఆమెకు ఎదురుగ నిలబడ్డది, గింత దగ్గరికెల్లి ఎన్నడూ చూడలే, నొసలు మీద దూది అద్దింది, ఎరుపు దూదికి వచ్చింది, ఇంకో దూది, ఇంకోటి, ఆఖరికి జరంత ఎరుపు మిగిలింది, పోతలేదు మేడం అంటే సుమలత మేడం వంగి చూసి, ఉండనివ్వండి, చలికి కందినట్టుంది, బాగుంది అన్నది, అమృతమ్మకు మేడం కాళ్ళు పట్టుకోవాలనిపించింది, ప్రేమలత మేడం ఎవరినో మేకు తెమ్మని కేకేస్తున్నది, దూది పట్టుకున్న చెయ్యి కిందికొచ్చింది, చెంప, మెడ, భుజం, భుజం కాడ ఆగింది, ఇన్నాళ్ళు ఈ తల్లినే చూసింది గని పిల్లను ఎప్పుడు చూసింది, పిల్ల మొకం భుజంల కూరుకొని ఉన్నది, కండ్లు తల్లి మెడ కాడి గుడ్డ దిక్కున్నయి, ఆ పిల్లకు ఏం కనపడ్తది, గుడ్డ కనపడ్తది, మెడ కనపడ్తది, ఎనక పోయే మోటర్లో బండ్లో కనపడ్తయి, తల్లి మొకం ఎట్ల కనపడ్తది, అది పైన ఉన్నది గద, దాని నెత్తి పైన, ఈ పిల్లను పిలిచి మీ అమ్మ ఎట్లుంటదే అని అడిగితే ఏం చెప్తది, చెయ్యి గరుకుగ ఉంటది అంటది, చెవి ఎచ్చగ ఉంటది అంటది, అంతకు మించి ఏం చెప్పగలుగుతది, తల్లి మొకం చూడాలంటే పిల్ల కిందికి దిగాలె, నేల మీద నిలబడాలె, తల పైకెత్తాలె, దించకపోయేదే అది అన్నది గద పెద్దమ్మ, నీ కాళ్ళు నేల తాకలే అన్నది గద, అమృతమ్మ చేతుల దూది అట్లనే ఉన్నది, రెండో చెయ్యి తనకు తెల్వకుంటనే పోయి చెవి మీద కూసుంది, ఇన్నేండ్లు మర్శిపోయిన మర్శిపోయిన అని కుమిలింది, మరువలే, మరుచుడు కాదు అది, అమ్మ మొకం యాదికి లేదంటే, అమ్మ దించలే.